మొక్కజొన్న: దాని గుణదోషములు

వర్షాకాలము వచ్చినదనగా మన ఊళ్లలో వీధి మలుపులందు బొగ్గుల కుంపట్లు వెలయును. వానిపై లేత పొత్తులను కాల్చి, నిమ్మచెక్కను ఉప్పుకారములో అద్ది, వానికి రుద్ది యిత్తురు. కోస్తావారు వీనిని మొక్కజొన్న పొత్తులందురు. తెలంగాణమువారు మక్క కంకులందురు. తెలంగాణపు పల్లెలలో మక్కలను రవ్వగా విసరి గటక వండుదురు. లేత గింజలను రుబ్బి గారెలు చేయుదురు. పేలాల నెఱుగని బాలుడు లేడు. పిల్లలకును పెద్దలకును ఇంత ప్రీతిపాత్రమైన ధాన్యము అరుదు.

అయినను ఈ ధాన్యము చరిత్రలో ఒక వింత కలదు. ఒకచోట ఇది వేల సంవత్సరములు జనులను పోషించి, గొప్ప నాగరికతలను నిలిపినది. మఱియొకచోట కడుపు నింపుచునే లక్షలమందిని రోగపీడితులను చేసినది. గింజ ఒక్కటే, ఫలితము మాత్రము వేఱు. ఇట్లేల జరిగెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో ఆహారమును గూర్చిన ఒక ముఖ్య సత్యము మనకు బోధపడును.

ముందుగా ఈ గింజలో ఏమున్నదో చూతము. 100 గ్రాముల ఎండు మొక్కజొన్న నుండి ఇంచుమించు 340 కాలరీల శక్తి లభించును. అందు 65 మొదలు 70 గ్రాముల వఱకు పిండిపదార్థములు, 9 మొదలు 11 గ్రాముల వఱకు మాంసకృత్తులు, దాదాపు 4 గ్రాముల క్రొవ్వు ఉండును. మాంసకృత్తులలోను క్రొవ్వులోను ఇది పాలిషు పట్టిన బియ్యమునకంటె మిన్న. పై పొట్టుతో తిన్నచో పీచుపదార్థము సమృద్ధిగా లభించును. పసుపుపచ్చని గింజలలో కెరొటీను జాతి వర్ణద్రవ్యములు కలవు. వానిలో కొన్నిటినుండి మన శరీరము ‘ఎ’ విటమినును తయారు చేసికొనును. కన్నులకు మేలు చేయు ఈ గుణము తెల్ల మొక్కజొన్నలో లేదనియే చెప్పవలెను.

ఈ లెక్కను చూచినవారు మొక్కజొన్న సంపూర్ణాహారమని తలంపవచ్చును. కాని ఈ లెక్కలో కానరాని లోపములు రెండు కలవు. వానిని కనుగొనుటకు మానవునకు రెండువందల యేండ్లు పట్టినది.

మొక్కజొన్న పుట్టినిల్లు మెక్సికో దేశము. సుమారు 9,000 సంవత్సరముల క్రిందట అచ్చటి బల్సాస్ నదీలోయలోని జనులు టియోసింటె అను అడవి గడ్డిని సాగుచేయ మొదలిడిరి. దాని కంకి మన చిటికెనవ్రేలికంటె చిన్నది. అందు గట్టి పెంకుగల గింజలు పదియో పన్నెండో యుండును. తరతరములుగా రైతులు మంచి గింజలను ఏఱి విత్తనము కట్టుచు రాగా, ఆ గడ్డియే నేటి మొక్కజొన్న అయ్యెను. మాయా, అజ్టెక్ ప్రజలకు ఇదియే ప్రాణాధారము.

ఆ ప్రజలు మొక్కజొన్నను ఒంటరిగా పండింపలేదు. ఒకే చేనిలో మొక్కజొన్నతోపాటు చిక్కుడును గుమ్మడిని నాటిరి. మొక్కజొన్న కాండము చిక్కుడు తీగకు పందిరిగుంజ యగును. గుమ్మడియాకులు నేలను కప్పి తేమను కాపాడును. చేనిలో కలిసి పెరిగిన ఈ మూడును పళ్లెములోను కలిసియే యుండెడివి.

వారి వంట విధానమునందును ఒక విశేషము కలదు. స్త్రీలు ఎండు గింజలను సున్నపు నీటిలో గాని, కట్టెల బూడిద కలిపిన నీటిలో గాని ఉడికించి, రాత్రియంతయు నాననిత్తురు. తెల్లవారిన పిమ్మట చేతులతో పులిమి, పొట్టు వదలగొట్టి, పలుమాఱులు కడిగి, మన సన్నికల్లును పోలిన రాతిపై నూఱుదురు. ఆ ముద్దను పలుచని రొట్టెలుగా తట్టి పెనముపై కాల్చుదురు. ఇట్లు చేసినచో పొట్టు సులభముగా ఊడును; పిండికి సాగుడుగుణము వచ్చి రొట్టె విరుగకుండును. ఇంతకు మించిన కారణమును వారు చెప్పలేదు. పెద్దలు చేసిరి, పిన్నలు నేర్చిరి. ఆ సున్నపు నీటిలో దాగియున్న మర్మము అప్పటికి ఎవ్వరికిని తెలియదు.

1492లో కొలంబస్ అమెరికా దీవులను చేరెను. ఆ తరువాత కొలది కాలమునకే మొక్కజొన్న స్పెయిను చేరినది. అచ్చటినుండి దక్షిణ ఐరోపా అంతటను వ్యాపించినది. కాలక్రమమున ఆఫ్రికా, ఆసియా ఖండములకును పాకినది. తక్కువ శ్రమతో ఎక్కువ పంట నిచ్చు ఈ ధాన్యమును ఐరోపా పేదరైతులు వరప్రసాదముగా భావించిరి. కాని వారు దీనిని గోధుమలవలె పొడిగా విసరి, పిండిని నీటిలో ఉడికించి జావగా తినిరి. గింజ ఓడ నెక్కినది; సున్నపు నీటి కుండ ఓడ నెక్కలేదు. దానితోడి చిక్కుడు పేదవాని పళ్లెమునకు చాలినంతగా చేరలేదు.

1735లో స్పెయినులోని అస్టూరియస్ ప్రాంతమున గాస్పర్ కసాల్ అను వైద్యుడు ఒక క్రొత్త వ్యాధిని గుర్తించెను. ఎండ తగులు చేతులపైనను పాదములపైనను చర్మము ఎఱ్ఱబడి, పిమ్మట నల్లబడి, పొలుసులు లేచుచుండెను. మెడ చుట్టును ఆ మచ్చ హారమువలె ఏర్పడుచుండెను. రోగులందఱును పేదలు, వారికి మొక్కజొన్నయే ముఖ్యాహారము, మాంసము తినుట మిక్కిలి అరుదు. ఈ సంగతిని కసాల్ వ్రాసిపెట్టెను. ఆయన గ్రంథము ఆయన మరణానంతరము 1762లో వెలువడెను. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రపోల్లి ఈ వ్యాధిని ‘పెల్లాగ్రా’ అని పేర్కొనెను. గరుకైన చర్మమని దాని యర్థము.

పెల్లాగ్రా చర్మముతో ఆగునది కాదు. పిమ్మట నోరు పూయును, విరేచనములు పట్టుకొనును. ఆపై నిద్ర పట్టదు, దిగులు కమ్మును, తుదకు మతి చలించును. చికిత్స లేనిచో మరణము సంభవించును. ఉత్తర ఇటలీలో ఎందఱో పేదరైతులు ఈ వ్యాధి వలన మతి తప్పి పిచ్చియాసుపత్రుల పాలైరి. కారణమేమన్నప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పిరి. బూజు పట్టిన మొక్కజొన్నలోని విషమని కొందఱు, అంటువ్యాధియని కొందఱు, వంశపారంపర్యమని మఱికొందఱు వాదించిరి.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ వ్యాధి అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున విజృంభించెను. అచ్చట నేలయంతయు ప్రత్తి. కౌలురైతులు ఇంటి గుమ్మము వఱకు ప్రత్తియే వేసిరి. పెరటి కూరలకు చోటు లేదు. పాడియావును పోషించు శక్తి లేదు. మొక్కజొన్న పిండి, పంది క్రొవ్వు, చెఱకు పాకము – ఈ మూడే వారి నిత్యాహారము. అంతకుముందే క్రొత్త మిల్లులు వచ్చి, పిండి చాలకాలము నిలువ యుండుటకై గింజలోని మొలక భాగమును తీసివేయ మొదలిడెను. ఉన్న కొలది పోషకములును ఇట్లు తగ్గిపోయినవి. 1906 మొదలు 1940 వఱకు ఆ దేశమున సుమారు 30 లక్షలమందికి పెల్లాగ్రా సోకెననియు, వారిలో ఇంచుమించు ఒక లక్షమంది మరణించిరనియు అంచనా.

1914లో ఆ దేశ ప్రజారోగ్యశాఖ ఈ వ్యాధి పరిశోధనకై డాక్టర్ జోసఫ్ గోల్డ్‌బర్గర్‌ను నియమించెను. ఆయన 1874లో ఆస్ట్రియా-హంగరీ రాజ్యమున జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులతో న్యూయార్కు చేరినవాడు. వైద్యులలో పెక్కుమంది అప్పుడు పెల్లాగ్రాను అంటువ్యాధియని నమ్ముచుండిరి. గోల్డ్‌బర్గర్ దక్షిణ రాష్ట్రములలోని పిచ్చియాసుపత్రులను, అనాథ శరణాలయములను తిరిగి చూచెను. అచ్చట ఒక్క విషయము ఆయన కంటబడెను. ఆశ్రితులకు వ్యాధి సోకుచున్నది. వారితో పగలనక రాత్రియనక మెలగు నర్సులకును పనివారికిని సోకుటలేదు. అంటువ్యాధి యైనచో మనిషిని చూచి వదలునా? ఇరువురకును గల భేదము ఎచ్చట? భోజనపు బల్లయొద్దనే కలదని ఆయన గ్రహించెను.

మిసిసిపీ రాష్ట్రమున జాక్సన్ నగరములోని రెండు అనాథ శరణాలయములలో 1914లో 200 మందికి పైగా బాలబాలికలు పెల్లాగ్రాతో బాధపడుచుండిరి. గోల్డ్‌బర్గర్ వారికి మందేమియు ఇయ్యలేదు. వారి యాహారములో పాలను, గ్రుడ్లను, మాంసమును, చిక్కుడు బఠాణీల వంటి పప్పుధాన్యములను చేర్పించెను. మఱుసటి సంవత్సరమునకు వ్యాధి దాదాపు మాయమయ్యెను.

సంశయించువారికి ఇది చాలలేదు. 1915లో అదే రాష్ట్రమున ఒక కారాగార వ్యవసాయ క్షేత్రములో శిక్ష మాఫీ చేయుదుమన్న వాగ్దానముపై కొందఱు ఖైదీలు పరీక్షకు సమ్మతించిరి. వారికి మొక్కజొన్న పిండి, గోధుమ పిండి, బియ్యము, చిలగడదుంపలు, చెఱకు పాకము మొదలగు పదార్థములతో కూడిన దక్షిణాది పేదల భోజనము పెట్టిరి; పాలు, గ్రుడ్లు, మాంసము, పప్పుధాన్యములు పెట్టలేదు. కొన్ని నెలలు గడచునప్పటికి 11 మందిలో ఆఱుగురకు పెల్లాగ్రా కనబడెను. ఆహారము మార్చి వ్యాధిని పోగొట్టవచ్చుననియే గాక, ఆహారము మార్చి వ్యాధిని తెప్పింపవచ్చుననియు ఇట్లు ఋజువయ్యెను. వాగ్దానము ప్రకారము ఖైదీలను విడిచిపెట్టిరి. మనుష్యులకు రోగము తెప్పించు ఇట్టి పరీక్షలను నేటి వైద్యధర్మము అంగీకరింపదు.

అప్పటికిని అంటువ్యాధి వాదము చావలేదు. 1916లో గోల్డ్‌బర్గర్ తనమీదనే పరీక్ష చేసికొన సిద్ధపడెను. పెల్లాగ్రా రోగుల రక్తమును సూదితో తన శరీరములోనికి ఎక్కించుకొనెను. రోగుల చర్మపు పొలుసులను మలమూత్రములను పిండితో కలిపి మాత్రలుగా మ్రింగెను. ఆయన సహచరులును ఇందు పాల్గొనిరి. ఆయన భార్య మేరీయు రోగి రక్తమును సూది ద్వారా ఎక్కించుకొనెను. వారిలో ఒక్కరికైనను పెల్లాగ్రా సోకలేదు.

ఆ సంవత్సరముననే ఆయన ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అను ఆర్థికశాస్త్రజ్ఞునితో కూడి దక్షిణ కరొలీనా రాష్ట్రమున బట్టలమిల్లు కార్మికుల గ్రామములను పరిశీలించెను. కుటుంబపు రాబడి తగ్గినకొలది పెల్లాగ్రా పెరుగుచున్నదని లెక్కలు చూపెను. కావున ఈ వ్యాధికి తుదికారణము మొక్కజొన్న కాదు. మొక్కజొన్న తప్ప వేఱొకటి కొనజాలని పేదరికము. ఈ మాట దక్షిణాది నాయకులలో కొందఱికి రుచింపలేదు. తమ ప్రాంతమునకు అపకీర్తి వచ్చునని వారు కినిసిరి. శాస్త్రజ్ఞుడు చెప్పు నిజము ఎల్లప్పుడును ఎల్లరకును ప్రియము కాదు కదా!

గోల్డ్‌బర్గర్ 1929లో మరణించెను. ఆహారములో లోపించిన ఆ పదార్థము ఏదియో ఆయన జీవితకాలమున తెలియలేదు. 1937లో కాన్‌రాడ్ ఎల్వెహ్జెమ్ అను శాస్త్రజ్ఞుడు కుక్కలకు వచ్చు ఇట్టి వ్యాధిని నికొటినిక్ ఆమ్లముతో నయముచేసి ఆ రహస్యమును ఛేదించెను. దీనినే నేడు నియాసిన్ అందురు. ఇది ‘బి’ విటమినులలో ఒకటి. మనము తిన్న ఆహారమునుండి శక్తిని విడుదలచేయుటకు శరీరములోని ప్రతి కణమునకును ఇది కావలెను.

ఇప్పుడు మొక్కజొన్నలోని రెండు లోపములను గ్రహింపవచ్చును. మొదటిది: మొక్కజొన్నలో నియాసిన్ లేకపోలేదు, కాని అది ఇతర పదార్థములతో గట్టిగా పెనవేసికొని యుండును. మన జీర్ణశక్తి దానిని విడదీయజాలదు. పెట్టెలో ధనమున్నను తాళపుచెవి లేనివాని స్థితి యిది. రెండవది: మాంసకృత్తులు అమైనో ఆమ్లములతో కూర్పబడును. వానిలో ట్రిప్టోఫాన్ అనుదానినుండి శరీరము స్వయముగా నియాసిన్ చేసికొనగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫానునుండి ఒక మిల్లీగ్రాము నియాసిన్ తయారగును. కాని మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ మిక్కిలి తక్కువ. శరీరపు పెరుగుదలకు అవసరమగు లైసిన్ అను మఱియొక అమైనో ఆమ్లమును తక్కువయే. ఒక వాకిలికి తాళము. రెండవ వాకిలి ఇఱుకు. మొక్కజొన్ననే నమ్ముకొన్నవానికి నియాసిన్ ఎటనుండి వచ్చును?

మెక్సికో స్త్రీల సున్నపు నీటిలోని మర్మము దీనితో విడిపోయినది. సున్నము పెనవేసికొన్న నియాసినును విడదీయును, తాళపుచెవి అదియే. పైగా రొట్టెకు కాల్షియమును చేర్చును. వారు తిను చిక్కుడుగింజలు ట్రిప్టోఫాన్, లైసిన్ లోపములను తీర్చును. విటమిను అను మాట పుట్టకముందే అనుభవము ఆ వంటను తీర్చిదిద్దినది.

ఇదియంతయు గతించిన కథ యనుకొనరాదు. 1990లో ఆఫ్రికాలోని మలావీ దేశమున తలదాచుకొన్న మొజాంబిక్ శరణార్థులలో దాదాపు 18,000 మందికి పెల్లాగ్రా సోకెను. వారికి పంచిన ఆహారములో ముఖ్యమైనది మొక్కజొన్న. దానితో పంచుచుండిన వేరుసెనగ గింజల సరఫరా నిలిచిపోవుటయే ఈ విపత్తునకు హేతువు. వేరుసెనగలో నియాసిన్ సమృద్ధిగా కలదు. గుప్పెడు వేరుసెనగపప్పు ఎంతటి ఆపదను ఆపగలదో దీనివలన తెలియుచున్నది.

మన దక్కను పీఠభూమియు ఈ వ్యాధి నెఱుగును. అయితే ఇచ్చట అది కనబడినది ప్రధానముగా జొన్నలు తిను పేదలలో. 1918లో కూనూరున ఆరంభమైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదియే. అందలి డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ విషయమును పరిశోధించి, జొన్నలోను మొక్కజొన్నలోను లీయూసిన్ అను అమైనో ఆమ్లము అధికముగా నుండుటయు పెల్లాగ్రాకు ఒక కారణము కావచ్చునని 1960లో ప్రతిపాదించిరి. ఈ ప్రతిపాదనపై శాస్త్రజ్ఞులలో చాల చర్చ జరిగినది. పప్పు, పాలు, గ్రుడ్లు, కూరలు చేరి భోజనము వివిధమైనకొలది ఈ వ్యాధి మన ప్రాంతమున అరుదైపోయినది.

గింజనే బాగుచేయుటకు యత్నించినవారును కలరు. మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థలో మన దేశీయుడగు సురీందర్ వాసల్, మెక్సికో శాస్త్రజ్ఞురాలగు ఎవాంజెలీనా విల్లెగాస్ అనేక సంవత్సరములు కృషిచేసి, లైసిన్, ట్రిప్టోఫాన్ అధికముగా గల మేలురకపు మొక్కజొన్నను రూపొందించిరి. అందులకు 2000లో వారికి ప్రపంచ ఆహార బహుమతి లభించినది.

అట్లయిన మన భోజనములో మొక్కజొన్న స్థానమేమి? నేడు మన దేశమున పండు మొక్కజొన్నలో అధికభాగము కోళ్ల మేతకును, పశువుల మేతకును, పరిశ్రమలకును పోవుచున్నది. మనము తిను కోడిగ్రుడ్డులో ఈ ధాన్యము రూపుమారి యున్నదని చెప్పవచ్చును. నేరుగా తినువారు దీనికి భయపడనక్కఱలేదు. కాని దీనిని ఒంటరిగా తినరాదు. గటకకు పప్పును మజ్జిగను జతచేయవలెను. పంజాబువారు మొక్కజొన్న రొట్టెను ఆవాకు కూరతోను, పెరుగు మజ్జిగలతోను తినుట మెచ్చదగిన అలవాటు. ఉడికించిన గింజలలో వేరుసెనగపప్పును, ఉల్లిని, నిమ్మరసమును కలిపినచో మంచి ఫలాహారమగును. పేలాలు మేలైనవే, కాని ఉప్పు, వెన్న మితిమీరి కలుపరాదు.

విద్యార్థులారా! ఏ ధాన్యమును సంపూర్ణము కాదు. ఏ ధాన్యమును దుష్టము కాదు. ఒకదాని కొఱత మఱియొకటి తీర్చును. మీ పాఠశాలలో మధ్యాహ్న భోజనమున అన్నముతో పప్పును, కూరను, గ్రుడ్డును పెట్టుటలోని యాంతర్యము ఇదియే. కడుపు నిండినంత మాత్రమున దేహము పోషింపబడినట్లు కాదు. ఆకలిని చూచుట సులభము. పోషకలోపమును చూచుటకు గోల్డ్‌బర్గర్ వంటి కన్నులు కావలెను. మన పళ్లెమున పలు పదార్థములు ఉండునట్లు చూచుకొనుట మన విధి. అవి లేని పళ్లెములు ఎందున్నవో కనుగొని వానిని నింపుట సంఘము విధి.

ప్రశ్నలు

1. మొక్కజొన్నలోని పోషక పదార్థములెవ్వి? అందలి రెండు లోపములను వివరింపుము.
2. మెక్సికో స్త్రీలు మొక్కజొన్నను వండు విధానమును వర్ణింపుము. దానివలన కలుగు ప్రయోజనములెవ్వి?
3. “గింజ ఓడ నెక్కినది, సున్నపు నీటి కుండ ఓడ నెక్కలేదు.” ఈ వాక్యమునకు అర్థమేమి?
4. పెల్లాగ్రా అంటువ్యాధి కాదని గోల్డ్‌బర్గర్ ఎట్లు ఋజువు చేసెను?
5. మీ యింట ఒక దినమున తిను ఆహారపదార్థముల పట్టిక వ్రాసి, ఏది దేని కొఱతను తీర్చుచున్నదో తెలుపుము.